రెండు పొయ్యిలు, ఒక కుక్కర్, ఆరుగురి ఆదివారం భోజనం

మీరు అడిగింది ముందు ఒకచోట పెట్టుకుంటాను. బెంగళూరుకు కొత్తగా కాపురం వచ్చారు, మారతహళ్ళిలో ఉంటున్నారు. వచ్చే ఆదివారం ఒంగోలు నుంచి అత్తగారు, మామగారు, ఆడపడుచు, ఆవిడ భర్త వస్తున్నారు. మీ ఇద్దరితో కలిపి ఆరుగురు. మామగారు ఉల్లి, వెల్లుల్లి ముట్టరు. ఇంట్లో ఉన్నవి రెండు బర్నర్ల స్టవ్, 5 లీటర్ల కుక్కర్. ఊళ్ళో చక్కగా ఉడికే కందిపప్పు ఇక్కడ పలుకులుగా మిగులుతోంది, పరమాన్నం ఎప్పుడు చేసినా పాలు విరుగుతున్నాయి. మెనూలో గారెలు, బూరెలు, పులిహోర, రెండు కూరలు, పప్పు, సాంబారు, పరమాన్నం రాసుకున్నారు. టెన్షన్‌గా ఉంది అన్నారు. ఆ మెనూ చూస్తే ఎవరికైనా టెన్షనే.

గారెలు, బూరెలు కొట్టేయండి. అవి రుచిగా ఉండవని కాదు, మనిషిని బాణలి దగ్గర కట్టిపడేస్తాయి. రెండు బర్నర్లలో ఒకటి గంటసేపు వాటికే పోతుంది. మీరు చెమటలు కక్కుతుంటే అత్తగారు లేచొచ్చి "నువ్వు జరుగమ్మా, నేను వేస్తాలే" అంటారు. ఇక అక్కడి నుంచి వంట ఆవిడది. పులిహోర కూడా ఈసారికి వద్దు, తెల్లన్నం ఎటూ వండాలి. పప్పు ఉన్నచోట సాంబారు అక్కర్లేదు, చారు చాలు.

నేను జయనగర్‌లో ఇంటి దగ్గరే వండి భోజనాలు పంపిస్తుంటాను. ఇలాంటి ఇంటికి నేనైతే మామిడికాయ పప్పు, అల్లం పచ్చిమిర్చి పెట్టిన వంకాయ కూర, బీరకాయ పచ్చడి, మిరియాల చారు, అప్పడాలు, గడ్డపెరుగు, బెల్లం పరమాన్నం పెడతాను. వీటిలో దేనికీ ఉల్లి, వెల్లుల్లి అవసరమే లేదు, కాబట్టి "లేకుండా చేశాం" అన్న లోటు కనిపించదు. ఇంకో సంగతి. వీటిలో పచ్చడి, పరమాన్నం, చారు ముందే చేసి పక్కన పెట్టినా రుచి తగ్గదు. పప్పు అరగంట ఆగుతుంది. కూర పావుగంట ఆగుతుంది. అన్నం, అప్పడాలు అసలు ఆగవు. ఏది ఆగుతుంది, ఏది ఆగదు అన్నది ఒక కాగితం మీద రాసుకుని, ఆగేవాటితో మొదలుపెడితే రెండు బర్నర్లు ధారాళంగా సరిపోతాయి.

ముందు పప్పు సంగతి. బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉంది, అందుకని ఇక్కడ నీళ్ళు 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. మూత లేని గిన్నెలో పప్పు వండితే ఆ తేడా తెలుస్తుంది. మీరు కుక్కర్‌లో వండుతున్నారు కాబట్టి తప్పు దానిది కాదు. నా అనుమానం నీళ్ళ మీద. అపార్ట్‌మెంట్లలో చాలాచోట్ల కొళాయిలో వచ్చేది బోరు నీరో ట్యాంకర్ నీరో. ఆ నీళ్ళలో సున్నం ఎక్కువ, అది పప్పు మెత్తబడనివ్వదు. మీ గీజర్‌లోనూ కొళాయి మూతి దగ్గరా తెల్లగా గారకడుతుంటే అదే కారణమని ఖాయం చేసుకోవచ్చు. పప్పు నానబెట్టడానికీ ఉడకబెట్టడానికీ తాగే నీళ్ళు వాడండి, క్యాన్ నీళ్ళైనా, ఫిల్టర్ నీళ్ళైనా. రెండో కారణం పులుపు. చింతపండు కానీ మామిడికాయ ముక్కలు కానీ మొదట్లోనే పప్పుతో కలిపి కుక్కర్ పెట్టేస్తే పప్పు బిగుసుకుపోతుంది. ఉప్పు కూడా ఉడికాకే వేయండి. చాలాకాలం డబ్బాలో మగ్గిన పప్పు కూడా ఇలాగే మొండికేస్తుంది, అందుకని ఈ వారం కొత్త ప్యాకెట్ తెచ్చుకోండి. వంటసోడా చిటికెడు వేయమని ఎవరైనా చెబితే వినకండి, పప్పు మెత్తబడుతుంది కానీ రుచి చచ్చిపోతుంది.

ఆరుగురికి పావుకిలో కందిపప్పు చాలు. కడిగి అరగంట నానబెట్టి, పప్పుకు మూడింతల నీళ్ళు, కాస్త పసుపు, అర చెంచా నూనె వేయండి. నూనె వేస్తే నురగ పొంగి విజిల్ దగ్గర అడ్డుపడదు. విజిల్స్ లెక్క నేను నమ్మను. మంట ఎక్కువైతే అయిదు విజిల్స్ ఆరు నిమిషాల్లో అయిపోతాయి, లోపల పప్పు ఉడకదు. మొదటి విజిల్ రాగానే సిమ్‌లో పెట్టి గడియారం చూసి 12 నిమిషాలు ఉంచండి. స్టవ్ కట్టేశాక ఆవిరి దానంతట అది పోవాలి. గరిటె వెనకవైపుతో ఒక్క నొక్కు నొక్కితే పప్పు వెన్నలా విడిపోవాలి. బద్ద ఆకారం కనిపిస్తే ఇంకో అయిదు నిమిషాలు పెట్టండి, మొహమాటపడకండి.

మామిడికాయ దగ్గర బెంగళూరులో ఒక చిక్కుంది. ఇప్పుడు ఎక్కడ చూసినా బండ్ల మీద తోతాపురి కాయలే, మన వైపు బెంగళూరు కాయ, కలెక్టరు కాయ అంటామే, అవి. ఉప్పూకారం చల్లుకుని తినడానికి బాగుంటాయి కానీ పప్పుకు చాలినంత పులుపు ఉండదు. నాటు పుల్లకాయ దొరికితే అదే తీసుకోండి, కొనేముందు ఒక చెక్క కోయించి నాలుక మీద పెట్టుకుని చూడండి. దొరక్కపోతే తోతాపురికే ఉసిరికాయంత చింతపండు రసం తోడు చేయండి. ముక్కలను బాణలిలో కొద్ది నీళ్ళు, ఉప్పు, పసుపు, చీరిన పచ్చిమిరపకాయలు వేసి విడిగా మగ్గనిచ్చి, తర్వాత ఉడికిన పప్పు కలపండి. ముక్క పూర్తిగా కరిగిపోకూడదు, పంటికి తగలాలి. కలిపాక అయిదు నిమిషాలు ఉడికితే చాలు. తాలింపు మాత్రం వడ్డనకు ముందే, నేతిలో వేయండి.

ఉల్లి, వెల్లుల్లి లేని వంటలో ఇంగువ మీద ఆదివారమంతా ఆధారపడి ఉంటుంది, దాని దగ్గర పొదుపు చేయకండి. డబ్బా పొడి ఇంగువలో పిండి కలుస్తుంది, వాసన తేలిక. ముద్ద ఇంగువ కొంచెం తెచ్చి, బఠాణీ గింజలో సగమంత ముక్క వేడి నూనెలో ముందే వేసి పొంగనివ్వండి. ఎండుమిరపకాయల సంగతీ అంతే. ఇక్కడి షాపుల్లో బ్యాడగి మిరప ఎక్కువగా కనిపిస్తుంది, ముడతలు ముడతలుగా ఉండేది. రంగు గొప్పగా వస్తుంది, కారం తక్కువ. గుంటూరు కారం కొలతతో బ్యాడగి వేస్తే ఒంగోలు నాలుకకు చప్పగా ఉంటుంది. ఊరి నుంచి తెచ్చుకున్న కారం మిగిలి ఉంటే ఆ రోజుకు అదే వాడండి.

ఇక పరమాన్నం. అన్నిటికంటే మీకు భయం దీని దగ్గరే కనుక కాస్త వివరంగా చెబుతాను.

పాలు విరిగేది మీ వంటలో తప్పు వల్ల కాదు. బెల్లంలో ఎంతో కొంత పులుపు ఉంటుంది. పాతబడి చెమ్మగిల్లిన బెల్లంలో ఇంకా ఎక్కువ. చల్లటి పాలు ఆ కాస్త పులుపుకు తట్టుకుంటాయి, మరుగుతున్న పాలు తట్టుకోవు. సలసల మరిగే పరమాన్నంలో బెల్లం గడ్డ పడేస్తే గడ్డ చుట్టూ ఉన్న పాలు అక్కడికక్కడే విరుగుతాయి, తర్వాత ఎంత కలిపినా లాభం లేదు. అందుకని శనివారం రాత్రే చిన్న పరీక్ష పెట్టుకోండి. స్టీలు గ్లాసులో సగానికి వేడి పాలు పోసి, అందులో చెంచాడు బెల్లం పాకం వేసి కలపండి. రెండు నిమిషాల తర్వాత గ్లాసు కొంచెం వంచి గోడ చూడండి. పాలు నున్నగా జారిపోతే బెల్లం మంచిది. గోడకు సన్నటి రవ్వలాగా అంటుకుంటే ఆ బెల్లం పచ్చడికో పులుసుకో పనికొస్తుంది, పరమాన్నానికి పనికిరాదు. ఆదివారం పొద్దున వేరే బెల్లం తెచ్చుకునే వ్యవధి మీకుంటుంది.

కొనేటప్పుడు మరీ పసుపుగా, తళతళలాడే బెల్లం వద్దు. ఆ రంగు కోసం హైడ్రోస్ అనే రసాయనం కలిపేవాళ్ళున్నారు. ముదురు గోధుమ రంగులో ఉండే మండ్య బెల్లం ఇక్కడ సులువుగా దొరుకుతుంది. అత్తగారివాళ్ళు అనకాపల్లి బెల్లం తెస్తామంటే తెమ్మనండి, అదీ పరీక్ష పెట్టాకే వాడండి.

కొలతలు ఇవి. బియ్యం 100 గ్రాములు, ఫుల్ క్రీమ్ పాలు 750 మిల్లీలీటర్లు, బెల్లం తురుము 175 గ్రాములు. తీపి తక్కువ తినే ఇల్లైతే 150. ఫుల్ క్రీమ్ ఎందుకంటే అందులో వెన్న 6 శాతం ఉంటుంది, టోన్డ్ పాలలో 3 శాతమే. మామూలు రోజుల్లో టోన్డ్ చాలు, అతిథుల రోజు చాలదు. కుక్కర్ ఒకటే కదా అని బెంగ వద్దు. అడుగున పప్పు గిన్నె, దాని పైన చిన్న గిన్నెలో ఈ బియ్యం, ఒకటిన్నర గ్లాసుల నీళ్ళు పోసి మూత పెట్టి పెట్టండి. పప్పుతోపాటే అదీ ఉడికిపోతుంది. తర్వాత దాన్ని మెత్తగా చిదిమి, అడుగు మందంగా ఉన్న గిన్నెలో కాచిన పాలు పోసి సన్నటి సెగ మీద ఇరవై నిమిషాలు ఉడకనివ్వండి. మధ్యమధ్య అడుగంటకుండా కలుపుతుండాలి. ఇక్కడ ఒక గట్టి నియమం ఉంది. బెల్లం వేసేలోపే మెతుకు పూర్తిగా మెత్తబడాలి. తీపి పడ్డాక మెతుకు ఇక ఉడకదు, గట్టిగా అలాగే ఉండిపోతుంది.

స్టవ్ కట్టేసి పది నిమిషాలు ఆగండి. ఈలోగా రెండో బర్నర్ మీద బెల్లంలో పావు గ్లాసు నీళ్ళు పోసి కరిగించి, వడగట్టి పక్కన పెట్టుకోండి. వడగట్టాకే తెలుస్తుంది అందులో ఎంత ఇసుక, ఎన్ని చెరకు పీచులు ఉన్నాయో. పాకం గోరువెచ్చగా అయ్యాక సన్నధారగా పోస్తూ కలపండి. మళ్ళీ పొయ్యి మీద పెట్టకండి, పెట్టాలని చెయ్యి లాగుతుంది, పెట్టకండి. ఏలకులు నాలుగు, పచ్చకర్పూరం బియ్యపు గింజలో సగం. పచ్చకర్పూరం ఇంకాస్త పడితే పరమాన్నం మందులా తయారవుతుంది. మూడు చెంచాల నేతిలో జీడిపప్పు, ఆ తర్వాత కిస్‌మిస్ వేయించి నేతితో సహా కలపండి. దించేటప్పుడు గరిటె నుంచి జారుగా ఉండాలి, చల్లారేకొద్దీ బిగుస్తుంది. మరీ గట్టిపడితే వడ్డించేముందు కాచి చల్లార్చిన పాలు కొంచెం కలపొచ్చు.

వంకాయలు ఇక్కడ పొడుగ్గా ఆకుపచ్చగా ఉండేవి బాగుంటాయి. తొడిమ పచ్చగా, చర్మం మెరుస్తూ, వేలితో నొక్కిన గుంట వెంటనే పైకి లేచేవి ఏరుకోండి. ముప్పావు కిలో కావాలి. కోసిన ముక్కలు ఉప్పునీళ్ళలో వేయకపోతే నల్లబడతాయి. నూనె మామూలుకంటే ఒక చెంచా ఎక్కువే పోయండి, వేరుశనగ నూనె అయితే మంచిది. పోపు వేగాక ముక్కలు, ఉప్పు, పసుపు వేసి మూత పెట్టి మగ్గనివ్వండి. గరిటె అస్తమానం తిప్పితే ముద్దవుతుంది, గిన్నె పట్టుకుని ఎగరేస్తే చాలు. ముక్క మెత్తబడ్డాక రెండంగుళాల అల్లం, ఆరు పచ్చిమిరపకాయలు, గుప్పెడు కొత్తిమీర, జీలకర్ర కచ్చాపచ్చాగా నూరినది వేసి రెండు నిమిషాలు. దించాక నిమ్మకాయ అరచెక్క పిండండి. ఈ ముద్ద ముందే వేస్తే అల్లం వాసన ఎగిరిపోతుంది, అందుకే చివర్లో.

బీరకాయలు కోసేముందు ప్రతి కాయా చివర ముక్క కొరికి చూడండి. చేదుగా ఉంటే కాయ మొత్తం పారేయండి, ఉడికినా ఆ చేదు పోదు, కడుపులోనూ మంచిది కాదు. పచ్చడికి ఈనెలు మాత్రం చెక్కి తొక్కతోనే వాడండి. నువ్వులు, పచ్చిమిర్చి, చింతపండు, జీలకర్ర, ఇంగువ పోపు. మిక్సీ పల్స్‌లో రెండు మూడు తిప్పులే, పచ్చడి నలగాలి కానీ పేస్టు కాకూడదు. పొద్దున్నే చేసి పెట్టేయొచ్చు.

చారుకు నాటు టమాటాలు అడగండి, మార్కెట్లో "నాటి" అంటే ఇస్తారు. హైబ్రిడ్‌వాటిలో పులుపు తక్కువ. చింతపండు రసం, టమాటాలు కలిపి పచ్చివాసన పోయేదాకా మరిగించి, పప్పు మెదిపేముందు పైన తేరిన కట్టు ఒక గరిటెడు ఇందులో పోయండి. మిరియాలు, జీలకర్ర, ధనియాలు దంచిన పొడి వేశాక నురగ కట్టి పైకి లేస్తుంది. ఆ పొంగు రాగానే కట్టేయాలి. అక్కడి నుంచి మరిగితే చేదెక్కుతుంది.

అన్నానికి మూడు గ్లాసుల బియ్యం, అంటే 600 గ్రాములు. మీ ఇంట్లో ఊరి బీపీటీ బియ్యం ఉన్నా, ఇక్కడ కొన్న రాయచూరు వైపు సోనా మసూరి ఉన్నా ఒకటే. పాత బియ్యమైతే గ్లాసుకు రెండు గ్లాసుల నీళ్ళు, కొత్తవైతే పావు గ్లాసు తగ్గించండి.

ఇప్పుడు గడియారం. పన్నెండున్నరకు ఆకులు వేస్తారనుకుందాం. శనివారం రాత్రి పెరుగు తోడుపెట్టి, బెల్లం పరీక్ష చేసి పడుకోండి. పొద్దున తొమ్మిదింటికి పచ్చడి. తొమ్మిదిన్నరకు కుక్కర్ ఎక్కించండి, కింద పప్పు, పైన పరమాన్నం బియ్యం. పదింబావుకల్లా పాలు పోసి పరమాన్నం ఒక బర్నర్ మీద, చారు రెండో దాని మీద. పదకొండుకు ఈ రెండూ దిగిపోతాయి. కుక్కర్ కడిగి పెట్టుకోండి. ఇక్కడ పావుగంట ఖాళీ పెట్టుకోండి, చీర మార్చుకోవాలి కదా. పదకొండుంబావుకు మామిడికాయ మగ్గబెట్టి పప్పులో కలపడం, పదకొండూ ముప్పావుకు వంకాయ, అదే సమయానికి రెండో పొయ్యి మీద అన్నం. పన్నెండుంపావుకు వంకాయ దించి పప్పు తాలింపు. అందరూ కాళ్ళూ చేతులూ కడుక్కుంటుండగా అప్పడాలు. అప్పడాలు ముందే వేయించి డబ్బాలో పెట్టే అలవాటు చాలామందికి ఉంది, నాకు నచ్చదు.

ఆకుల కోసం శనివారం సాయంత్రం గాంధీ బజారో, మల్లేశ్వరం 8వ క్రాసో వెళ్ళనక్కర్లేదు, మీ దగ్గర పూలమ్మేవాళ్ళను ముందురోజు అడిగితే తెచ్చిపెడతారు. వేసేటప్పుడు కొస తినేవాళ్ళ ఎడమచేతి వైపు ఉండాలి. ముందు పరమాన్నం కొద్దిగా, తర్వాత కూర, పచ్చడి, అప్పడం, ఆపైన అన్నం, పప్పు, నెయ్యి. పరమాన్నం రెండోసారి అడిగి వడ్డించండి, ఒకేసారి ఆకు నింపకండి.

పెరుగు ఒకవేళ పొద్దుటికి సరిగా తోడుకోకపోతే ప్యాకెట్ పెరుగు తెచ్చి గిన్నెలోకి మార్చేయండి. మిగిలిన పరమాన్నం సాయంత్రానికి ఫ్రిజ్‌లోకి వెళ్ళాలి, ఈ ఎండల్లో బయట పెడితే రాత్రికే పులుస్తుంది. బెల్లం పరీక్షలో పాలు విరిగితే రాయండి, చక్కెరతో చేసే కొలతలు చెబుతాను.